గృహ రికార్డింగుకు మానిటర్ స్పీకర్ల ఎంపిక

స్టూడియో మానిటర్ అనగా రికార్డు చేసిన ధ్వనిని వీలైనంతవరకు ఉన్నది ఉన్నట్లుగా వినిపించడానికి రూపొందించిన స్పీకరు. సంగీతం వినడానికి ఇళ్ళలో వాడే స్పీకర్లు మంద్రధ్వనిని, తారధ్వనిని కొంత పెంచి చెవికి ఇంపుగా వినిపిస్తాయి. మానిటర్ అలా చేయకూడదు. గాయకుని గొంతులో జీర ఉంటే జీర, మైకు ముందు పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు ఉంటే ఆ చప్పుడు వినిపించాలి. మానిటర్ అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు హెచ్చరించుట అని అర్థం. తరగతి గదిలో అల్లరి చేసేవారి పేర్లు రాసి ఉపాధ్యాయునికి చూపే మానిటరుకు, ఈ స్పీకరుకు పని దాదాపు ఒకటే.

ఇంట్లోనే కంప్యూటరు, ఆడియో ఇంటర్‌ఫేస్, ఒకటి రెండు మైకులతో రికార్డు చేసుకోవడం 21వ శతాబ్దంలో సామాన్యమైంది. అనంతపురం వంటి కరవు ప్రాంతపు పట్టణాలలోను, పల్లెలలోను భజన బృందాలు, జానపద గాయకులు, హరికథకులు, పాఠాలు చెప్పేవారు ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు. ఈ వ్యాసం అటువంటి గదులను దృష్టిలో ఉంచుకొని మానిటర్ల ఎంపికను వివరిస్తుంది.

చరిత్ర

మొదట్లో స్టూడియోలలో గోడలో అమర్చిన పెద్ద స్పీకర్లే మానిటర్లుగా ఉండేవి. చిన్న మానిటర్లు రావడానికి ప్రసార సంస్థల అవసరాలు ఒక కారణం. బ్రిటిషు ప్రసార సంస్థ బీబీసీ 1970ల తొలినాళ్ళలో తన బాహ్య ప్రసార వాహనాల కోసం ఎల్ఎస్3/5ఎ అనే చిన్న మానిటరును రూపొందించింది. వాహనంలో స్థలం తక్కువ, వినేవాడు స్పీకరుకు చాలా దగ్గరగా కూర్చుంటాడు. నేటి గృహ స్టూడియో పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. ఫిన్లండులో 1978లో స్థాపితమైన జెనెలెక్ సంస్థ ఆ దేశపు రేడియో సంస్థ అవసరం నుంచి పుట్టింది. ఆంప్లిఫయరును స్పీకరు పెట్టెలోనే అమర్చే పద్ధతి వ్యాప్తి చెందడంలో ఈ సంస్థకు ప్రధాన పాత్ర ఉంది.

అన్నిటికంటె ప్రసిద్ధి చెందిన చిన్న మానిటరు యమహా ఎన్ఎస్-10. విచిత్రమేమంటే దీనిని 1978లో ఇళ్ళలో సంగీతం వినేవారి కోసం విడుదల చేశారు. ఆ వర్గం దానిని ఆదరించలేదు. మధ్యస్థాయి ధ్వనులు కఠినంగా వినిపిస్తాయని, మంద్రం చాలదని ఫిర్యాదు. అయితే స్టూడియో ఇంజనీర్లు ఆ కాఠిన్యంలోనే ఉపయోగాన్ని గుర్తించారు. గొంతు, తీగవాద్యాలు, డ్రమ్ముల దెబ్బలు అన్నీ మధ్యస్థాయిలోనే ఉంటాయి కనుక అక్కడి తప్పు ఈ స్పీకరులో దాగదు. 2001లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు దీనిని అనేక ఇతర మానిటర్లతో పోల్చి, మూసిన పెట్టె కావడం వలన ధ్వని ఆగవలసిన క్షణంలో ఆగిపోవడమే దీని బలమని తేల్చారు. అదే ఏడాది దీని తయారీ నిలిచిపోయింది. తెల్లని కోను తయారీకి అవసరమైన కాగితపు గుజ్జు లభించకపోవడమే ఇందుకు కారణం.

భారతదేశంలో ఇంటి స్టూడియో అనగానే గుర్తుకు వచ్చేది చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ తన ఇంటి ఆవరణలో నెలకొల్పుకున్న పంచతన్ రికార్డ్ ఇన్. రోజా (1992) పాటల తర్వాత దాని పేరు దేశమంతటా తెలిసింది. అయితే అది వృత్తి స్థాయి స్టూడియో. సామాన్యుని గదితో దానిని పోల్చడం సరికాదు.

పని చేసే విధానం

చిన్న మానిటర్లలో చాలావరకు ద్విమార్గ స్పీకర్లు. అంటే మంద్ర, మధ్య ధ్వనులకు ఒక వూఫరు, తారధ్వనులకు ఒక ట్వీటరు ఉంటాయి. వచ్చిన సంకేతాన్ని రెండుగా విడగొట్టే వలయాన్ని క్రాసోవర్ అంటారు. ఆంప్లిఫయరు విడిగా కొనవలసినవి పాసివ్ మానిటర్లు, లోపలే అమర్చినవి యాక్టివ్ మానిటర్లు. యాక్టివ్ రకంలో వూఫరుకు, ట్వీటరుకు వేర్వేరు ఆంప్లిఫయర్లు ఉండడం, వాటిని ఆ యూనిట్లకు తగినట్లుగానే తయారు చేయడం వలన కొత్తగా కొనేవారికి ఇవే అనుకూలం. తంతులు కూడా తగ్గుతాయి.

పెట్టెకు ముందో వెనకో ఉండే రంధ్రాన్ని పోర్టు అంటారు. చిన్న పెట్టె నుంచి ఎక్కువ మంద్రధ్వని రాబట్టడానికి ఇది తోడ్పడుతుంది. వెనక పోర్టు ఉన్న స్పీకరును గోడకు పూర్తిగా ఆనించరాదు. ముందు పోర్టు ఉన్నదానిని గోడకు ఎలా ఆనించినా ఫరవాలేదన్నది మాత్రం భ్రమ. మంద్రధ్వని పెట్టె చుట్టూ అన్ని వైపులకూ వ్యాపిస్తుంది కాబట్టి గోడ ప్రభావం రెండింటి మీదా ఉంటుంది.

వివరాల పత్రాన్ని చదవడం

పెట్టె మీద ముద్రించే పౌనఃపున్య వ్యాప్తిని జాగ్రత్తగా చదవాలి. ఉదాహరణకు, 5 అంగుళాల వూఫరు గల యమహా హెచ్ఎస్5 కు తయారీదారు రెండు వ్యాప్తులు ఇస్తాడు. 10 డెసిబెల్‌ల తగ్గుదలను అనుమతిస్తే 54 హెర్ట్జ్‌ల నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల వరకు, 3 డెసిబెల్‌ల తగ్గుదలకే పరిమితమైతే 74 హెర్ట్జ్‌ల నుంచి 24 కిలోహెర్ట్జ్‌ల వరకు. పది డెసిబెల్‌ల తగ్గుదల అంటే చెవికి ధ్వని ఇంచుమించు సగానికి పడిపోయినట్లు వినిపిస్తుంది. కనుక ఈ స్పీకరు 54 హెర్ట్జ్‌లను "వినిపిస్తుంది" అనడం ఒక రకంగా నిజమే గాని, ఆ స్థాయిలో దానిని నమ్మి నిర్ణయం తీసుకోరాదు. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒకదాని మొదటి అంకెను మరొకదాని రెండవ అంకెతో పోల్చడం సామాన్యంగా జరిగే పొరపాటు. ఏ తగ్గుదలకు కొలిచారో చెప్పకుండా కేవలం వ్యాప్తి మాత్రమే ఇచ్చిన పత్రానికి విలువ లేదు.

వాట్ల సంఖ్యకు అంత ప్రాధాన్యం అక్కరలేదు. మీటరు దూరంలో కూర్చొని వినేవారికి చిన్న మానిటరు ఇచ్చే శక్తి అవసరానికి మించే ఉంటుంది.

రికార్డు చేసే సంగీతం, వూఫరు పరిమాణం

ఎంత పెద్ద వూఫరు కావాలన్న ప్రశ్నకు ఏ ధ్వనులను రికార్డు చేస్తారన్నదే జవాబు. ఒకటి శ్రుతిలో పాడే పురుషుని ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్‌లు. మంద్ర పంచమానికి దిగినా 98 హెర్ట్జ్‌లు. అయిదు శ్రుతిలో పాడే స్త్రీకి షడ్జం సుమారు 196 హెర్ట్జ్‌లు. గాత్రం, హార్మోనియం, వేణువు, తాళాలు మాత్రమే ఉన్న భజనకు, పద్యపఠనానికి, పాఠానికి 5 అంగుళాల వూఫరు చాలుతుంది. ఇంతకంటె పెద్దది కొన్నా గొంతు విషయంలో అదనంగా తెలిసేది చాలా తక్కువ.

అనంతపురం ప్రాంతపు జానపద కళలలో పరిస్థితి వేరు. ఈ జిల్లాకు ప్రత్యేకమైన ఉరుముల వాద్యం పేరుకు తగ్గట్టు గుమ్మనే మంద్రధ్వనికి ప్రసిద్ధి. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట (2022లో జరిగిన జిల్లాల విభజన తర్వాత ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది) తోలుబొమ్మలాటకు నిలయం. ఈ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలుబొమ్మలాటలో గానం, హార్మోనియం, మద్దెల, తాళాలతో పాటు యుద్ధ ఘట్టాలలో కాలికింద చెక్కలను దబదబ తొక్కి చప్పుడు చేస్తారు. ఆ తొక్కుడు శబ్దం, ఉరుము దెబ్బ 5 అంగుళాల స్పీకరులో పలుచగా వినిపిస్తాయి. వినేవాడు మంద్రం చాలలేదనుకొని పెంచుతాడు. అదే రికార్డు తిరునాళ్ళలో పెద్ద స్పీకర్లకు ఎక్కినప్పుడు ఆ మంద్రం గొంతును మింగేస్తుంది, కథ వినపడదు.

ఇందుకు 8 అంగుళాల వూఫరు కొనడం పరిష్కారంగా తోస్తుంది. చిన్న గదిలో అది చాలాసార్లు పరిష్కారం కాదు. కారణం తరువాతి విభాగంలో ఉంది. పది పన్నెండు అడుగుల గదిలో 5 నుంచి 6.5 అంగుళాల మానిటర్లు ఉంచి, మంద్రధ్వనిని మంచి హెడ్‌ఫోనులో సరిచూసుకోవడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిస్తుంది. విడి సబ్‌వూఫరు ఇటువంటి గదికి పనికిరాదనే చెప్పాలి.

గది

మానిటరు ఎంత మంచిదైనా వినేవాని చెవికి చేరేది మానిటరు ధ్వని ఒక్కటే కాదు, గది ధ్వని కూడా. సమాంతరంగా ఉన్న రెండు గోడల మధ్య కొన్ని పౌనఃపున్యాలు అనునాదం చెందుతాయి. వాటిలో అతి తక్కువదానిని కనుగొనడానికి ధ్వనివేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. 20 డిగ్రీల సెల్సియసు వద్ద ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లు. పది అడుగుల (3.05 మీటర్ల) గదికి లెక్క వేస్తే 56 హెర్ట్జ్‌లు వస్తుంది. ఎనిమిది అడుగులకు 70, పన్నెండు అడుగులకు 47. ఈ పౌనఃపున్యాల వద్ద గదిలో ఒకచోట ధ్వని విపరీతంగా పెరుగుతుంది, మరొకచోట దాదాపు మాయమవుతుంది. 8 అంగుళాల వూఫరు సరిగ్గా ఈ స్థాయిలోనే బలంగా పని చేస్తుంది గనుక చిన్న గదిలో దానివల్ల తికమక పెరుగుతుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉన్న గది అన్నిటికంటె చెడ్డది. మూడు అనునాదాలు ఒకేచోట పోగుపడతాయి. పాత మిద్దె ఇళ్ళలోని పొడవాటి పడసాల ఈ విషయంలో కొత్త ఇళ్ళలోని చదరపు గది కంటె మేలు.

అనంతపురం ఎండలకు గది స్వభావం మారుతుందా అనే సందేహం కలగవచ్చు. 40 డిగ్రీల వద్ద ధ్వనివేగం సుమారు 355 మీటర్లకు పెరుగుతుంది, పది అడుగుల గది అనునాదం 56 నుంచి 58 హెర్ట్జ్‌లకు జరుగుతుంది. చెవికి ఇది పట్టింపులోకి రాదు. వేసవిలో అసలు చిక్కు ఫ్యాను. దాని రొద కింద సన్నని శబ్దాలు, ప్రతిధ్వని తోకలు వినపడవు. కనుక కీలకమైన నిర్ణయాలను తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయిన తర్వాతనో ఫ్యాను ఆపి తీసుకోవడం ఉత్తమం.

ఈ ప్రాంతపు ఇళ్ళలో రాతిగోడలు, పైన బండల కప్పు, కింద తాడిపత్రి బండల నేల మామూలు. నున్నని రాయి తన మీద పడిన ధ్వనిలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే పీల్చుకుంటుంది, తక్కినదంతా తిరిగి వస్తుంది. ఇటువంటి గదిలో చప్పట్లు కొడితే ఖంగుమనే ప్రతిధ్వని తెలుస్తుంది. దీనిని తగ్గించకుండా ఖరీదైన మానిటర్లు కొనడం ఓటి కుండలో నీళ్ళు పోయడమే.

నేలమీద మందపాటి జంఖానా, వెనక గోడకు పుస్తకాలు చిందరవందరగా పేర్చిన అలమర, మూలల్లో నిలబెట్టిన దూది పరుపులు, పక్క గోడలకు చెక్క చట్రంలో బిగించిన రాతి ఉన్ని లేదా గాజు ఉన్ని పలకలు ఉపయోగపడతాయి. పలక మందం కనీసం నాలుగు అంగుళాలు ఉండి, గోడకు కొంచెం ఎడంగా ఉంటే మరీ మంచిది. ఉన్ని పోగులు ఊపిరితిత్తులకు హానికరం కనుక వాటిని గుడ్డతో పూర్తిగా కప్పాలి. పలుచని గుడ్డ తారధ్వనిని మాత్రమే కొద్దిగా పీలుస్తుంది. ధర్మవరం పట్టుచీర గోడకు వేలాడదీస్తే గదికి అందం వస్తుంది గాని ధ్వనికి ఒరిగేదేమీ లేదు. కోడిగుడ్ల అట్టలు అంటించడం గురించి ప్రచారం చాలా ఉంది. అవి మంద్రధ్వనిని ఆపవు, బయటి చప్పుడునూ ఆపవు. పైగా త్వరగా అంటుకుంటాయి, దుమ్ము పడతాయి.

పక్క గోడ మీద పలక ఎక్కడ ఉండాలో తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. వినేవారు తమ స్థానంలో కూర్చుంటే, మరొకరు గోడ వెంబడి అద్దాన్ని జరుపుతూ పోవాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటే ధ్వని మొదటి పరావర్తనం జరిగే చోటు.

అమరిక

రెండు స్పీకర్లు, వినేవాని తల సమబాహు త్రిభుజం శీర్షాలుగా ఉండాలి. భుజం మీటరు నుంచి 1.2 మీటర్ల వరకు ఉండవచ్చు. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి. గది పొడవుగా ఉంటే స్పీకర్లను పొట్టి గోడ వైపు, ఎడమ కుడి గోడలకు సమదూరంలో అమర్చాలి. వినేవారు గదికి సరిగ్గా నడిమధ్య కూర్చోరాదు. అనునాదాలలో ఒకటి అక్కడే మాయమవుతుంది.

వెనక గోడ నుంచి తిరిగి వచ్చే ధ్వని ఒకానొక పౌనఃపున్యం వద్ద స్పీకరు ధ్వనిని రద్దు చేస్తుంది. ధ్వనివేగాన్ని స్పీకరు ముందుభాగం నుంచి గోడకు గల దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే అది తెలుస్తుంది. 60 సెంటీమీటర్లయితే సుమారు 143 హెర్ట్జ్‌లు. ఇది పురుష గాయకుని షడ్జానికి ఆనుకొని ఉన్న స్థానం కనుక గొంతులో బలం లేదన్న భ్రమ కలుగుతుంది. చిన్న గదిలో స్పీకరును గోడకు ఒక జానెడు దూరంలోపే ఉంచి, స్పీకరు వెనక ఉండే మంద్రం తగ్గించే మీటను వాడడం నడిమధ్య దూరాల కంటె మంచిది.

స్పీకరును బల్ల మీద నేరుగా పెడితే బల్ల కూడా మోగుతుంది. ఇసుక నింపిన చెక్కపెట్టెలు, లేదా ఇటుకలు పేర్చి వాటిపై మందపాటి రబ్బరు షీటు పరచినవి స్టాండ్లుగా చక్కగా ఉపయోగపడతాయి.

విద్యుత్తు, ఎర్తింగు

కరవు నేలలో ఈ విభాగం తక్కిన అన్నిటికంటె ముఖ్యమైనది. ఎండిన నేల విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గుంత వర్షాకాలంలో బాగానే పనిచేసి, నెలల తరబడి చినుకు పడని కాలంలో నిరుపయోగమవుతుంది. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే జిల్లాలో ఇది ఏటా వచ్చే సమస్య. అటువంటప్పుడు స్పీకర్లలో 50 లేదా 100 హెర్ట్జ్‌ల వద్ద నిరంతరం గుయ్యిమనే హోరు వినిపించవచ్చు. మైకును గాని, కంప్యూటరు లోహపు పెట్టెను గాని ముట్టుకుంటే జివ్వుమనవచ్చు.

హోరు పోవడానికి మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలును విరిచివేయడం లేదా తీగను తప్పించడం కొందరు చేసే పని. హోరు నిజంగానే తగ్గవచ్చు. కాని ఆంప్లిఫయరు లోపల తీగ ఊడి లోహభాగానికి తగిలినప్పుడు ఆ విద్యుత్తుకు భూమిలోకి దారి ఉండదు, అది మైకు పట్టుకున్న గాయకుని గుండా పోతుంది. ఇది ప్రాణాంతకం. వేసవిలో ఎర్తు గుంతలో వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు పోయడం, ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య వోల్టేజి కొలిపించి అది ఒకటి రెండు వోల్టులకు మించకుండా చూసుకోవడం, వైరింగులో ప్రాణరక్షక బ్రేకరు పెట్టించడం సరైన మార్గాలు.

హోరుకు మిగిలే మరొక కారణం తంతులు. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకరుకు ఎక్స్ఎల్ఆర్ లేదా టీఆర్ఎస్ రకపు సమతుల తంతులు వాడాలి. వీటిలో ఒకే సంకేతం రెండు తీగలలో పరస్పర వ్యతిరేకంగా ప్రయాణిస్తుంది. దారిలో చేరిన రొద రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కనుక గమ్యం వద్ద ఒకదాని నుంచి మరొకదానిని తీసివేసినప్పుడు రొద పోయి సంకేతం మిగులుతుంది. కంప్యూటరును, స్పీకర్లను ఒకే ప్లగ్గు బోర్డు నుంచి తీసుకోవడం కూడా మేలు చేస్తుంది. చవక రకపు చదరపు తరంగ ఇన్వర్టరు మీద మానిటర్లను నడిపితే బుర్రుమనే శబ్దం వస్తుంది, సైను తరంగ ఇన్వర్టరు అవసరం. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన స్పీకరయితే ప్లగ్గు పెట్టేముందు వెనక వోల్టేజి మీట 230 దగ్గర ఉందో లేదో చూడాలి. మీట లేనిదీ, 115 వోల్టులకే పరిమితమైనదీ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా కలిపితే ఆ క్షణమే కాలిపోతుంది.

కొనుగోలు

మానిటర్లను విని కొనడం శ్రేష్ఠం. అయితే అనంతపురంలో ఉన్నవారు అందుకోసం సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు పోవలసి వస్తుంది. పోయినా దుకాణపు గది వేరు, ఇంటి గది వేరు. తిరిగి ఇచ్చే వీలున్న చోట కొని ఇంట్లోనే వినడం ఇంకా మంచిది. జత బరువు పది కిలోలకు పైబడడం మామూలు కనుక మరమ్మతు కేంద్రం ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోవాలి, అట్టపెట్టెను పారవేయరాదు.

వినడానికి బాగా పరిచయమున్న పాటలు నాలుగైదు తీసుకుపోవాలి. వాటిలో ఒకటి ఒంటరి గొంతు ఉన్నదై, ఒకటి పాతకాలపు మోనో పాట అయి ఉండాలి. మోనో పాట రెండు స్పీకర్లలో మోగుతున్నప్పుడు గొంతు సరిగ్గా నడుమ నుంచి, ఒక బిందువు నుంచి వచ్చినట్లు ఉండాలి. అది అటు ఇటు చెదిరితే జతలోని రెండు స్పీకర్లు ఒకటిగా లేవన్నమాట. వినగానే ఆహా అనిపించిన స్పీకరునే ఎంచుకోనక్కరలేదు. నాసిరకంగా రికార్డయిన పాటను నాసిరకంగానే వినిపించినది ఎక్కువ నమ్మదగినది.

మొత్తం ధనంలో సగానికి మించి మానిటర్లకు వెచ్చించక, తక్కినది గదికి, విద్యుత్తుకు, ఒక హెడ్‌ఫోనుకు కేటాయించడం వివేకం. బొత్తిగా స్తోమత లేనివారు వెనక భాగం తెరచి ఉండే హెడ్‌ఫోనుతో మొదలుపెట్టవచ్చు. రాతి గదిలోని చవక మానిటర్ల కంటె అది నిజం చెబుతుంది. దానిలో ఎడమ, కుడి ధ్వనులు గాలిలో కలవవు కనుక ఎడమ కుడి అమరిక విషయంలో మాత్రం దానిని పూర్తిగా నమ్మరాదు.

వాడుక

కొత్త మానిటర్ల మీద కొన్ని రోజులు ఏమీ మిక్సు చేయక తెలిసిన పాటలు వింటూ ఉండాలి. సిద్ధమైన మిక్సును చిన్న మొబైలు ఫోనులో, ఆటోలోని స్పీకరులో, వీలైతే గుడి మైకులో వినిపించి చూడాలి. ఫోను, గుడి మైకు రెండూ ఇంచుమించు మోనోయే గనుక అక్కడ మాయమైన ధ్వనిని ఇంట్లో మళ్ళీ సరిచేయాలి. వెనకటి స్టూడియోలలో ఒకే చిన్న యూనిట్ గల ఆరాటోన్ పెట్టెలను ఈ పని కోసమే బల్ల మీద ఉంచేవారు.

గది లోపాలను అంకెలలో చూడదలచినవారికి కొలత మైకు, ఉచితంగా లభించే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేరు తోడ్పడతాయి.

మిక్సు ఎంత బాగున్నా, మైకు నుంచి వచ్చిన అసలు రికార్డింగును ఏ మార్పూ చేయకుండా విడిగా దాచాలి. 24 బిట్ల, 48 కిలోహెర్ట్జ్‌ల మోనో ధ్వనికి గంటకు సుమారు 520 మెగాబైట్లు చాలును. ఉరుముల బృందమో, తోలుబొమ్మల కథ చెప్పే వృద్ధ కళాకారుడో మరల మైకు ముందుకు రాకపోవచ్చు. గది మోసం చేయడం వలన చెడిన మిక్సును పదేళ్ళ తర్వాతనైనా ఆ మూలప్రతి నుంచి మరొకరు తిరిగి చేయగలరు. మూలాన్ని చెరిపివేసి మిక్సును మాత్రమే దాచుకుంటే ఆ అవకాశం ఉండదు.

వినే స్థాయి విషయంలో జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు. ధ్వని పెరిగేకొద్దీ చెవి మంద్రాన్ని, తారాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది (దీనిని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు). అందుచేత బిగ్గరగా వింటూ చేసిన మిక్సు మామూలు స్థాయిలో చప్పగా వినిపిస్తుంది. ఎదుటివారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత స్థాయిలో పని చేస్తూ, గంటకోసారి చెవికి విశ్రాంతి ఇవ్వాలి.

నిర్వహణ

తీరప్రాంతంలో స్పీకర్లకు తేమ శత్రువైతే ఇక్కడ దుమ్ము. ఆషాఢపు గాలులు వీచే రోజుల్లో వాడనప్పుడు స్పీకర్లపై పలుచని నూలుగుడ్డ కప్పాలి. ఆన్‌లో ఉండగా కప్పితే వెనకనున్న ఆంప్లిఫయరు వేడెక్కుతుంది. ట్వీటరు గోళాన్ని చేతితో గాని, వాక్యూమ్ క్లీనరుతో గాని తాకరాదు, మెత్తని కుంచెతో పైపైన దులిపితే చాలు. వూఫరు అంచు నురుగుతో చేసినదైతే ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుంది. అన్ని పరికరాలూ వేసిన తర్వాత చివరగా మానిటర్లను ఆన్ చేసి, ఆపేటప్పుడు మొదట వాటినే ఆపాలి. లేకపోతే ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే ఠప్పుమనే దెబ్బ ట్వీటరుకు తగులుతుంది.